ఇంటిల్లిపాదీ రాసుకున్న మందు

పుష్పలత కోడలి లంగాను పట్టుకారుతో పట్టుకుంది. పొద్దున పాలగిన్నె దించిన పట్టుకారే అది. చచ్చిన ఎలుకను మోసినట్టు చెయ్యి దూరంగా చాపి, స్నానాలగదిలోంచి వరండా దాకా మోసుకొచ్చి మూలనున్న పగిలిన బకెట్లో పడేసింది. లంగా తరువాత జాకెట్టు. దాని తరువాత, పేరెత్తడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రాని లోబట్టలు.

వాసవి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పెళ్ళై ఎనిమిది నెలలు. ఆ బట్టల్లో సగం ఈ అత్తగారు కొనిపెట్టినవే.

"అన్నీ తీసిన. దుప్పటి, దిండు గూడ తెచ్చుకో," అంది పుష్పలత. "మీ అన్న రాంగనే పోవాలె. నా ఇంట్ల నీది ఒక్క పోగు ఉండొద్దు."

"అత్తమ్మా, డాక్టరమ్మ రాసిచ్చిన కాయితం టీవీ కాడ పెట్టిన. చూసిన్రా?"

"నేనెందుకు చూస్త? ముప్పై ఏండ్ల సంది మందుల దుకాణం నడుపుతున్నం. మాకు తెల్వని రోగముంటదా? గార్ల తండాల పుట్టిన పిల్ల మాకు చెప్పొచ్చిందా?"

కింద దుకాణం, పైన ఇల్లు. జనగామలో దత్తాత్రేయ మందుల దుకాణం తెలియని వాళ్ళుండరు. ఈ ఇంట్లో జ్వరమొచ్చినా, విరేచనాలైనా ఎవరూ డాక్టర్ గడప తొక్కలేదు. వాసవి మామ దత్తాత్రేయ అరలోకి చెయ్యి పెడతాడు, ఏదో ఒకటి తీసి ఇస్తాడు. దురదకైతే చెయ్యి వెతుక్కోనక్కర లేకుండా ఒకే ట్యూబు దగ్గరికి పోతుంది. మందులమ్మేవాడు వైద్యుడే అనుకోవడం ఈ ఇంటివాళ్ళ మూర్ఖత్వం. ఆ మూర్ఖత్వానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అనుభవం.

ఇక ఆ స్నానాలగది. దానికి కిటికీ లేదు. ఆడవాళ్ళ లోబట్టలు డాబా మీద ఆరేస్తే ఎదురు లాడ్జిలోని మగవాళ్ళ కంట పడతాయని పుష్పలత పెట్టిన నియమం. అవి లోపలే తాడు మీద, పైన తువ్వాలు కప్పుకొని ఆరాలి. ఆరవు. రెండోరోజుకు పులిసిన వాసన వేస్తాయి. ఆ వాసనతోనే మళ్ళీ ఒంటికెక్కుతాయి. కప్పిన తువ్వాలుతో ఇంట్లో అందరూ ఒళ్ళు తుడుచుకుంటారు. పరువు పేరుతో ఇంత రోతను భరించే ఇంటికి, కోడలి లంగా మాత్రం పట్టుకారుతో పట్టుకోవలసినంత మురికిగా కనబడింది.

నిన్న రక్తపరీక్ష కాగితాలు వాసవి సంచిలో దొరకగానే పుష్పలత వాసవి పుట్టిల్లు గార్లకు ఫోన్ చేసింది. "మీ చెల్లె ఏదో గలీజు రోగం తెచ్చింది. నోటితోని చెప్పనీకే సిగ్గైతుంది. వచ్చి తీస్కపో," అని క్రాంతికి చెప్పి పెట్టేసింది. ఆదివారం భూపాలపల్లి నుంచి పెళ్ళివాళ్ళు కూతురు కీర్తిని చూడడానికి వస్తున్నారు. అప్పటికి ఇల్లు శుభ్రం కావాలి. శుభ్రం అంటే ఆమె ఉద్దేశం వాసవి లేకపోవడం.

ఆ రక్తపరీక్షలు చేయించింది డాక్టర్ విజయ. నిన్న పొద్దున కూరగాయలకని చెప్పి వాసవి ఆమె దగ్గరికి పోయింది. పరీక్ష బల్ల మీద పడుకున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది.

"ఎన్ని దినాల సంది?" అడిగింది డాక్టర్.

"అయిదు నెలలు, మేడం."

"గిన్నొద్దులు ఏం రాసినవ్?"

వాసవి సంచిలోంచి ట్యూబు తీసింది. డాక్టర్ దాన్ని అందుకోలేదు, చూసి తల తిప్పుకుంది. "దినాం గిసొంటియి పది చూస్త. చూసి చూసి అసహ్యమైతుంది," అంది. తరువాత మొద్దు బ్లేడుతో చర్మం మీది పొట్టు కాస్త గీకి, గాజుపలక మీద చుక్క మందు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. "రా, నువ్వే చూడు."

కొమ్మలు కొమ్మలుగా సన్నటి దారాలు. తడిసిన రొట్టె మీద పెరిగే బూజులా ఉన్నాయి. అవి తన ఒంటివని వాసవికి తెలిసింది. ఇంటికి పోయి పీచు పెట్టి రక్తం వచ్చేదాకా తోముకోవాలనిపించింది.

"గట్టిగ రుద్దకు," అంది డాక్టర్, మనసులో మాట వినబడ్డట్టు. "ఘాటు సబ్బులు పెట్టకు, ఘాటు మందు కలిపిన నీళ్ళు పొయ్యకు. గిది తామర. తిరుగుబోతు రోగం గాదు. చెమట, తడి, గాలాడని బట్ట దొరికితే గజ్జల్ల పెరుగుతది. ఒక్క తువ్వాల పదిమంది వాడితే పదిమందికి అంటుతది. మొగుడు పెండ్లాల నడుమ గూడ అంటుతది. దాంట్ల తప్పు చేసినోళ్ళు ఎవలూ లేరు."

"మరి మందు రాస్తే తగ్గింది మేడం. మానేస్తే మళ్ళొచ్చింది."

"ఆ ట్యూబుల స్టెరాయిడ్ కలిసుంటది. రాయంగనే ఎర్రదనం పోతది, దురద ఆగుతది. బూజు మాత్రం కింద పెరుగుకుంటనే ఉంటది. ఆపంగనే ఇంతకింత లేస్తది. చూడు, తోలు ఎంత పల్చనైందో. తొడ మీద గీ చారలు పడ్డయి గదా, గవి ఇగ పోవు."

ఇగ పోవు. ఆ మాట వాసవికి చాలాసేపు చెవిలో మోగింది. ఇరవై నాలుగేళ్ళ ఒంటి మీద ముసలి గీతలు. ఒక ట్యూబు చేసిన పని.

నెల తప్పిందా అని డాక్టర్ అడిగింది. లేదని తెలిశాకే మాత్రలు రాసింది. నెలన్నర వాడాలి, పదిరోజులకు తగ్గినట్టు కనబడినా ఆపకూడదు, మధ్యలో ఒకసారి రక్తం చూపించుకోవాలి. పైన రాయడానికి వట్టి బూజు మందు, మచ్చ దాటి రెండు వేళ్ళ మేర. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి తొడగాలి. అనుమానం ఉండకూడదని వేరే రోగాలకూ రక్తం పరీక్ష చేయించింది. ఏమీ లేవు.

"ఇంట్ల ఇంకెవలకున్నది?" అంది చివరికి.

వాసవి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"సిగ్గుపడితే ఎట్ల తల్లీ? నువ్వొక్కదానివి మాత్రలు మింగి, మీ ఆయన మింగకపోతే నెలకే మళ్ళొస్తది. ఉన్నోళ్ళందరు ఒక్కపారే వాడాలె. పెద్దోళ్ళకు షుగర్ ఉంటే వాళ్ళ దురద వేరేది కావొచ్చు, దాని మందు వేరే. అందరిని తోలుకరా."

అందరిని. ఆ ఒక్క మాట దగ్గరే అంతా ఆగిపోయింది. మిగతావాళ్ళు తమకూ ఉందని ఒప్పుకుంటే తప్ప వాసవికి నయం కాదు.

*

వాసవి భర్త నవీన్ టీ కోసం పైకి వచ్చాడు. వరండాలో బకెట్టు చూశాడు. చూసి, చెప్పులు విడిచే పనిలో పడ్డాడు.

"మీరొక్క మాట చెప్పున్రి," అంది వాసవి. "పెండ్లైన వారానికే మీ తొడల మీద గుండ్రటి మచ్చలు చూసిన. చెమటకాయలన్నరు. నా చేతుల ఆ ట్యూబు పెట్టింది గూడ మీరే. గదే అత్తమ్మకు చెప్పున్రి."

నవీన్ తల్లి వైపు చూశాడు. తల్లి బకెట్టు వైపు చూస్తోంది.

"గిప్పుడు గవన్ని ఎందుకు వాసవీ?" అన్నాడు గొంతు తగ్గించి. "రెండు నెలలు గార్లల ఉండు. ఆయితారం వాళ్ళు వచ్చిపోనీ. మెల్లగ మాట్లాడుకుందాం."

"రెండు నెలలైనంక నేను గలీజుదాన్నని ఊరంత తెలిసినంక ఏం మాట్లాడుకుంటం?"

నిలబడిన చోటే ప్యాంటు జేబులోకి చెయ్యి పోనిచ్చి, జేబు లోపలినుంచే గోక్కున్నాడు. ఆ గోకడం ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ చూడనట్టే ఉన్నారు. వాసవికి ఆ క్షణం భర్త మీద కలిగింది కోపం కాదు, రోత. తన మచ్చలను చూసుకున్నప్పుడు కూడా అంత రోత పుట్టలేదు.

"అన్నా, చెప్పవెందుకు?"

కీర్తి గది గుమ్మంలోకి వచ్చింది. నవీన్ చెల్లెలు, డిగ్రీ చివరి సంవత్సరం. పొద్దుటినుంచీ తలుపేసుకొని ఉన్న పిల్ల.

"నువ్వు లోపలికి పో," అంది పుష్పలత.

"పోను. వదిన తేలేదు. నాకు గూడ ఉన్నది. వదిన రాకముందు సంది ఉన్నది."

కింద దుకాణంలో ఎవరో మాత్రల పేరు గట్టిగా చదువుతున్నారు.

"ఏం ఉన్నది?" పుష్పలత గొంతు మారిపోయింది.

"అదే. దురద. కాలేజీల కూసుంటే గోక్కోరాదు, లేస్తే నడవరాదు. నాయిన కింద లేనప్పుడు పోయి ట్యూబు తెచ్చుకునేదాన్ని."

పట్టుకారు కింద పడింది. పుష్పలత రెండడుగుల్లో పోయి కూతురి చెంప మీద కొట్టింది. "నోరు ముయ్యి! పెండ్లి గావాల్సిన పిల్లవు! ఎవ్వలన్న ఇంటే ఏమనుకుంటరు?"

"వదినను అనుకున్నట్టే అనుకుంటరు," అంది కీర్తి ఏడుస్తూ. "నేను ఏ తప్పు చేసిన్ననే అమ్మా? గదే నీళ్ళు, గదే తువ్వాల, గా తాడు మీదనే నా బట్టలు. నీకు లేదా? నీ దిండు కింద గూడ ట్యూబున్నది. నేను చూసిన."

పుష్పలతకు నాలుగేళ్ళుగా షుగరు. నాలుగేళ్ళుగా ఆ మంట, ఆ తెల్లబట్ట, ఘాటు మందు నీళ్ళతో కడుక్కున్న ప్రతిసారీ ప్రాణం పోయేంత నొప్పి. చెమటకాయలకని ట్యూబు తీసుకుంది తప్ప అసలు సంగతి మొగుడికి చెప్పలేదు, అక్కకు చెప్పలేదు. తన ఒంటిని తనే అసహ్యించుకొని బతికింది. ఆ అసహ్యాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి, కోడలు దొరికింది. జాలిపడవలసిన సంగతే. కాని చేతికంటిన తన రోతను తెచ్చి ఇంకొక పిల్ల మొహానికి పూసిన మనిషి మీద జాలి అంత తొందరగా రాదు.

నవీన్ మెల్లగా టీ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్ళిపోయాడు. చెల్లెలు అన్న మాట తను విననట్టే.

పుష్పలత కూతుర్ని గదిలోకి నెట్టి బయట గొళ్ళెం పెట్టింది. తిరిగి వచ్చి వాసవి చెయ్యి పట్టుకుంది. అర్ధగంట కింద ఆ చేతిని ముట్టుకోవడానికి కూడా ఇష్టపడని మనిషి.

"వాసవీ, నీ కాళ్ళు మొక్కుత. కీర్తి సంగతి మీ అన్నకు చెప్పకు. భూపాలపల్లోళ్ళకు తెలిస్తే దాని బతుకు బజార్ల పడ్తది."

"నా బతుకు అత్తమ్మా?"

"నీకు పెండ్లైంది గదా బిడ్డా."

ఎంత తేలికగా అనేసింది! పెళ్ళైన దాని ఒంటికి ఏ పేరు పెట్టినా ఫరవాలేదన్నట్టు. వాసవి తన చెయ్యి విడిపించుకొని, కుళాయి దగ్గరికి పోయి కడుక్కుంది. పుష్పలత చూసింది. చూడాలనే కడుక్కుంది.

*

క్రాంతి వచ్చేసరికి పన్నెండు దాటింది. గార్లలో విత్తనాల దుకాణం అతనిది. దుకాణం మూసేసి, రైలెక్కి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చిన మొహం. కుర్చీలో కూర్చున్నాడు. వాసవి నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను అందుకోబోయి, ఒక క్షణం ఆగి, "అక్కడ పెట్టు," అన్నాడు.

అత్త పట్టుకారు ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న అన్న. వాసవి గ్లాసును బల్ల మీద పెట్టి, పక్కకు జరిగింది.

"ఏం లేదు నాయినా," అంది పుష్పలత, గొంతు నిండా తేనె పోసుకొని. "పిల్లకు జర వేడి చేసింది. నాలుగొద్దులు అమ్మ తాన ఉంటే మంచిగైతది."

"ఫోన్ల గట్ల చెప్పలే గదా అత్తమ్మా."

"పరేషాన్ల ఏదో అన్న. మనసుల పెట్టుకోకు."

వాసవి డాక్టర్ కాగితాలు అన్న ముందు పెట్టింది. అతను రక్తపరీక్ష వరుసలన్నీ వేలు పెట్టి చదివాడు. భుజాలు కాస్త దిగాయి. అయినా నుదురు విప్పలేదు.

"మంచిది. పెద్ద రోగం లేదు. ఒప్పుకుంట," అన్నాడు. "మరి గింతమందిల నీకొక్కదానికే ఎట్లొచ్చింది చెల్లె? ఈళ్ళల్ల ఎవ్వలు మాకున్నదంటలేరు. తామర అంటే అంటుడు రోగం. నీకు ఎవల నుంచి అంటింది? అమ్మ గదే అడిగి ఏడుస్తుంది. నేనేం చెప్పాలె?"

గొళ్ళెం పెట్టిన తలుపు వెనక కీర్తి శ్వాస కూడా వినబడుతోంది. ఒక్క మాట చాలు. ఆ తలుపు తీసి పిల్లను ముందుకు లాగితే వాసవి మీది మచ్చ ఈ క్షణమే పోతుంది. పుష్పలత చేతులు రెండూ కొంగులో చుట్టుకొని కోడలి నోటికేసి చూస్తోంది.

వాసవి ఆ తలుపు వైపు ఒకసారి చూసింది. కీర్తి చెంప మీద పడ్డ దెబ్బ గుర్తొచ్చింది. చెబితే, తన మీద పడ్డ గలీజుదన్న పేరునే ఆ పిల్ల మీద తన చేత్తో పెట్టినట్టు.

"నా నోటితోని చెప్పను, అన్నా," అంది. "బావనడుగు."

క్రాంతి నవీన్ వైపు తిరిగాడు. "బావా, నువ్వు చెప్పు. నీకేమన్న ఉన్నదా? ఉంటే ఉన్నదను. మొగోళ్ళం, మనల మనకు సిగ్గేంది? డాక్టర్ తానికి ఇద్దరు గల్సి పోతరు, నేను తిరిగి గార్లకు పోత."

నవీన్ టీ గ్లాసు అడుగున చూస్తూ కూర్చున్నాడు. తల్లి దగ్గింది.

"నాకేం లేదు," అన్నాడు.

వాసవి ఇక అక్కడ నిలబడలేదు. సంచి తీసుకుంది. బకెట్లోని బట్టలు అలాగే వదిలేసింది. పుష్పలత మొహంలో గండం గడిచిన తేట కనబడింది.

మెట్లు దుకాణం పక్కనుంచే దిగుతాయి. క్రాంతి ముందు, వాసవి వెనక. సాగనంపడానికన్నట్టు పుష్పలత మెట్ల పైన నిలబడింది. పక్కన నవీన్.

దుకాణం ముందు తరిగొప్పుల వైపు తండా నుంచి వచ్చిన రాధాబాయి నిలబడి ఉంది. దత్తాత్రేయ పాత గిరాకీ. ఆమె చేతిలో అదే ట్యూబు, డబ్బాలోంచి అప్పుడే తీసింది.

"సేటు, నా కోడలికి తొడల సందుల. పత్తి ఏరుతుంటే చెమటకు మండి ఏడుస్తుంది," అంటోంది రాధాబాయి. "గిది రాస్తే ఏం గాదు గదా? దవాఖానకు పోవాల్నా?"

"దవాఖాన ఎందుకు రాధాబాయీ!" దత్తాత్రేయ నవ్వాడు. పై అంతస్తులో పొద్దుటినుంచీ ఏం జరిగిందో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా. ఆడవాళ్ళ గొడవ అని దుకాణంలోనే ఉండిపోయాడు. "నీకు చెడ్డ మందు ఇస్తనా? మా ఇంట్ల అందరం గిదే రాస్తం. నేను రాస్త, మా ఆమె రాస్తది. మా నవీన్ పెండ్లికి ఏడాది ముంగట సంది రాస్తున్నడు. ఏమైంది? మంచిగ లేడా?"

క్రాంతి చివరి మెట్టు మీద ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి పైకి చూశాడు. నవీన్ గోడ చాటుకు జరిగాడు.

వాసవి అన్నను దాటుకొని ముందుకు వచ్చింది. రాధాబాయి చేతిలోని ట్యూబు తీసుకొని బల్ల మీద పెట్టింది. దాని పక్కనే తన సంచి దించింది.

"మామయ్యా," అంది, బజారంతా వినబడేలా. "గిప్పుడన్న మాట మళ్ళొక్కపారి అనున్రి. మా అన్న ముందట అనున్రి."